ఒకే డైలాగ్, రెండు సీన్లు: ఫోన్‌తో తీసి చూడండి

"షార్ట్ ఫిల్మ్ తీశాను, అందరూ బాగానే చేశారు, కానీ చూస్తుంటే ఫీల్ రావట్లేదు. ఏ కెమెరా కొనమంటారు?" వారానికి ఒకరైనా ఈ ప్రశ్న అడుగుతారు. వాళ్లు పంపిన వీడియో తెరిచి చూస్తే దాదాపు ప్రతిసారీ ఒకటే వరస. ఫోన్‌ని ఛాతీ ఎత్తులో పట్టుకుని, గదిలో ఒక మూల నిలబడి సీన్ మొత్తం తీసేసి ఉంటారు. దాని కింద ఒక ఏడుపు వయొలిన్ అతికించి ఉంటుంది. దీనికి ఖరీదైన కెమెరా తెచ్చినా అదే బోరు ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తుంది, అంతే.

కాబట్టి ప్రస్తుతానికి ఏమీ కొనకండి. ఒక ఆదివారం ఖాళీ పెట్టుకుని కింద చెప్పిన పని చేయండి. ఒకే సీన్‌ని, అవే మాటలతో, అదే నటనతో రెండు రకాలుగా తీయాలి. మొదటిది చూసినవాళ్లకి భయం వేయాలి. రెండోది చూసినవాళ్లకి గొంతులో ఏదో అడ్డం పడాలి. కెమెరా ఎక్కడ పెట్టారు, ఏది ముందు చూపించారు, ఎంతసేపు చూపించారు అన్న మూడింటి వల్లే ఆ తేడా రావాలి.

సీన్ ఇది:

రాత్రి పదిన్నర. హాల్లో తండ్రి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తలుపు మెల్లగా తెరుచుకుంటుంది. కొడుకు చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వస్తాడు. నాన్నని చూసి ఆగిపోతాడు. కాసేపు ఎవరూ మాట్లాడరు. అప్పుడు తండ్రి అడుగుతాడు: "అన్నం తిన్నావా?"

సీన్ అక్కడితో అయిపోయింది. ఉన్నవి రెండే మాటలు. మన ఇళ్లలో ఆ రెండు మాటలతో బెదిరించొచ్చు, బుజ్జగించొచ్చు, పొద్దున జరిగిన గొడవ మర్చిపోయానని చెప్పొచ్చు. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

కావలసినవి

- వీడియో తీయడానికి ఒక ఫోన్, సౌండ్ రికార్డ్ చేయడానికి ఇంకొకటి. రెండోది పాతదైనా ఫరవాలేదు.
- ట్రైపాడ్. లేకపోతే బియ్యం డబ్బా మీద నాలుగు లావు పుస్తకాలు పేర్చి, ఫోన్‌ని రబ్బరు బ్యాండుతో ఇంకో పుస్తకానికి కట్టి నిలబెట్టండి. నేను చాలాకాలం అలాగే లాగించాను.
- ఒక టేబుల్ ల్యాంప్, లేదా హోల్డర్‌కి పెట్టిన ఎల్‌ఈడీ బల్బు.
- స్టేషనరీ షాపులో దొరికే తెల్ల థర్మాకోల్ షీట్ ఒకటి. దొరక్కపోతే తెల్ల లుంగీ.
- చాక్‌పీస్ లేదా గుప్పెడు ముగ్గుపిండి. ఎందుకో నాలుగో స్టెప్‌లో చెబుతాను.
- నాలుగు స్టీలు కంచాలు: రెండు కంచాలు, వాటి మీద బోర్లించడానికి రెండు.
- నటించడానికి ఇద్దరు. నటులే కానక్కర్లేదు. బాబాయో, పక్కింటాయనో చాలు.

గింబల్ (ఫోన్ వణక్కుండా పట్టుకునే పిడి), డ్రోన్, రంగురంగుల ఆర్‌జీబీ లైటు వద్దు. ఉన్నా బీరువాలోనే ఉంచండి.

1. ముందు కాగితం మీద తీయండి

ఈ స్టెప్ దాటేసినవాళ్లు ఎడిటింగ్‌లో కూర్చుని తల పట్టుకుంటారు. రెండు కాగితాలు తీసుకోండి. మొదటి దాని మీద "ఇవాళ వీడి పని అయిపోయింది" అని, రెండో దాని మీద "పాపం, ఆయన తినకుండా కూర్చున్నాడు" అని రాయండి. చూసేవాళ్ల మనసులో రావాల్సిన మాటలు అవి. ఇప్పుడు వాటి కింద షాట్లు రాయండి. నేను ఇలా రాస్తాను, మీరు మార్చుకోవచ్చు.

మొదటి వెర్షన్:
క. బయట చీకట్లో తలుపు గడియ మీద కొడుకు చేయి.
ఖ. నేల మీద ఒట్టి పాదాలు, పక్కన వేలాడుతున్న చెప్పులు.
గ. కొడుకు మిడ్ షాట్, అంటే నడుము నుంచి పైకి. తలెత్తి చూస్తాడు, ఆగిపోతాడు.
ఘ. కుర్చీలో తండ్రి. కెమెరా కింద ఉంటుంది, ముఖం సగం చీకట్లో.
చ. కొడుకు క్లోజప్, అంటే ముఖం మాత్రమే.
ఛ. కుర్చీ చేతి మీద తండ్రి వేళ్లు.
జ. తండ్రి క్లోజప్. డైలాగ్.

రెండో వెర్షన్:
క. గోడ గడియారం.
ఖ. హాలు మొత్తం కనిపించే లాంగ్ షాట్. తండ్రి ఒక పక్కన చిన్నగా.
గ. టేబుల్ మీద మూత పెట్టిన కంచాలు. రెండు.
ఘ. తండ్రి మిడ్ షాట్. తలుపు వైపు చూపు.
చ. తండ్రి భుజం మీదుగా తలుపు, లోపలికి వస్తున్న కొడుకు. సెట్‌లో దీన్ని సజెషన్ షాట్ అంటారు.
ఛ. కొడుకు క్లోజప్. చూపు కంచాల మీద పడుతుంది. వెంటనే మళ్లీ కంచాల షాట్.
జ. తండ్రి క్లోజప్. డైలాగ్.

మొదటి దాంట్లో ప్రేక్షకుడు కొడుకుతో పాటు గడప దాటి లోపలికి వస్తున్నాడు. రెండో దాంట్లో తండ్రి పక్కన కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఈ గైడ్‌లో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే దీన్నే పెట్టుకోండి: ఎవరి పక్కన కూర్చోబెడితే వాళ్ల గుండె చప్పుడే ప్రేక్షకుడికి వినిపిస్తుంది.

ప్రతి షాట్ పక్కన "దీనివల్ల చూసేవాడికి కొత్తగా ఏం తెలుస్తుంది?" అని రాసుకోండి. జవాబు రాకపోతే ఆ షాట్ కొట్టేయండి. రెండో వెర్షన్‌లో కంచాలు రెండెందుకో చూడండి. ఒకటి ఉంటే కొడుక్కి అన్నం తీసిపెట్టారని మాత్రమే తెలుస్తుంది. రెండుంటే ఆయనా తినలేదని తెలుస్తుంది. ఆ మాట ఇక ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు.

రాశాక ప్రతి షాట్ ఎన్ని సెకన్లు ఉండాలో కళ్లు మూసుకుని ఊహించి పక్కన వేయండి. 1957లో మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి గారు షూటింగ్‌కి ముందే స్టాప్‌వాచ్ పట్టుకుని సీన్ల నిడివి లెక్క కట్టేవారని ఆయన దగ్గర పనిచేసినవాళ్లు చెబుతుంటారు. మన ఫోన్లో స్టాప్‌వాచ్ ఊరికే పడి ఉంది.

2. ఫోన్‌ని దారికి తెచ్చుకోండి

ముందు లెన్స్ తుడవండి. నవ్వకండి. లైటు చుట్టూ మసకగా వెలుగు పాకిందంటే చాలాసార్లు అది ఎఫెక్ట్ కాదు, వేలి జిడ్డు. తర్వాత ఫ్లైట్ మోడ్ వేయండి. ఖాళీ స్థలం ఎంతుందో చూసుకోండి.

ఫోన్ అడ్డంగానే పెట్టండి. గ్రిడ్ గీతలు ఆన్ చేయండి. 1080పీ చాలు. ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు తీయాలన్నది) 24, 25, 30 ఏదైనా సరే, కానీ అన్ని షాట్లూ ఒకే రేటులో ఉండాలి.

కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంటే షటర్, అంటే ఒక్కో బొమ్మకి వెలుతురు పట్టే సమయం, సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నడిచే ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ వీడియోలో నల్ల చారలు పాకుతూ కనిపిస్తాయి. అమెరికాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి అక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి 1/60 లేదా 1/120.

ప్రో మోడ్ లేకపోతే స్క్రీన్ మీద ముఖాన్ని నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. ఇది చేయకపోతే కొడుకు తలుపు తీయగానే ఫోన్ తనంతట తాను వెలుతురు పెంచి తగ్గించి నానా హడావుడి చేస్తుంది. సీన్‌లో ఉన్న టెన్షన్ అంతా ఆ ఒక్క మినుకులో పోతుంది.

సరిచూసుకోవడం: పది సెకన్లు తీసి, దాన్ని టీవీలోనో ల్యాప్‌టాప్‌లోనో చూడండి. చిన్న స్క్రీన్ మీద అన్నీ బాగానే కనిపిస్తాయి, అదే దాంతో వచ్చిన చిక్కు.

3. లైటు: పెట్టేముందు ఆర్పండి

పైన వెలుగుతున్న ట్యూబ్‌లైటు ఆపేయండి. అది గదినంతా సమానంగా, ఆసుపత్రి వరండాలా వెలిగిస్తుంది. ఎక్కడ చూడాలో ప్రేక్షకుడి కంటికి అది చెప్పదు. కన్ను ఎప్పుడూ వెలుతురున్న చోటికే పోతుంది. కాబట్టి ఎక్కడ చూడాలో అక్కడ వెలుతురు పెట్టి, మిగతాది వదిలేయండి.

మొదటి వెర్షన్‌కి ల్యాంప్‌ని తండ్రికి ఒక పక్కన, కాస్త వెనగ్గా పెట్టండి. ముఖంలో ఒక సగమే వెలుగుతుంది. రెండో సగం ఏమనుకుంటోందో మనకి తెలియదు, అందుకే భయం.

రెండో వెర్షన్‌కి అదే ల్యాంప్‌ని ముందు వైపుకి, కళ్ల కంటే కొద్దిగా ఎత్తుకి జరపండి. రెండో పక్కన థర్మాకోల్ షీట్ నిలబెట్టి ఆ వెలుతురు నీడ మీద పడేలా తిప్పండి. చీకటి పూర్తిగా పోదు, మెత్తబడుతుంది. ఆ ముఖంలో అలసట చదవొచ్చు.

రెండింటిలోనూ తండ్రి కళ్లలో ల్యాంప్ వెలుతురు చిన్న చుక్కలా మెరుస్తోందా అని చూడండి. చుక్క లేని కళ్లు రాయిలా ఉంటాయి. మొదటి వెర్షన్‌లో అలా ఉన్నా సరే, కావాలంటే ఉంచుకోండి. రెండో దాంట్లో మాత్రం చుక్క ఉండి తీరాలి.

హెచ్చరికలు రెండు. పసుపు బల్బుని, తెల్ల ట్యూబ్‌లైటుని ఒకే ఫ్రేమ్‌లో కలపకండి. చెంప ఒకవైపు పసుపు రాసినట్టు, ఇంకోవైపు నీలం పులిమినట్టు వస్తుంది. రెండోది, "రాత్రి సీన్ కదా" అని నిజంగానే చీకట్లో తీయకండి. ఫోన్ ఆ చీకటిని ఎత్తి చూపించబోయి తెర నిండా చీమలు పాకిస్తుంది. వెలుతురు సరిపడా పెట్టి తీసి, ఎడిటింగ్‌లో తగ్గించుకోండి. పగలు తీస్తున్నట్లయితే కిటికీలకి మందపాటి దుప్పట్లు కట్టండి.

ల్యాంప్ లేకపోతే మూడో ఫోన్ టార్చిని తెల్ల గోడకి కొట్టండి. గోడ నుంచి తిరిగొచ్చే వెలుతురు సరిపోతుంది. టార్చిని నేరుగా ముఖం మీద కొడితే దొంగని పట్టుకున్నట్టు ఉంటుంది.

4. నేల మీద గీత గీయండి

ముగ్గుపిండి ఇప్పుడు తీయండి. తండ్రి కుర్చీ నుంచి కొడుకు ఆగే చోటు వరకు ఒక గీత గీయండి. మీ కెమెరా రోజంతా ఈ గీతకి ఒకే పక్కన ఉండాలి. దాటకూడదు. ఎంత మంచి ఫ్రేమ్ అవతలి పక్క నుంచి కనిపిస్తున్నా దాటకండి.

ఎందుకంటే గీతకి ఇటు నుంచి చూస్తే తండ్రి తెర మీద కుడివైపుకి, కొడుకు ఎడమవైపుకి చూస్తుంటారు. అందుకే ఒకరినొకరు చూసుకుంటున్నట్టు మనం నమ్ముతాం. మధ్యలో ఒక్క షాట్ అటు నుంచి తీస్తే ఇద్దరూ ఒకే వైపు చూస్తుంటారు. అప్పుడు కొడుకు నాన్నని చూసి ఆగినట్టుండదు, ఇద్దరూ కలిసి వంటింట్లో ఎవరినో చూస్తున్నట్టుంటుంది. ప్రేక్షకుడికి తప్పేంటో తెలియదు, ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది.

లుక్ ఎత్తు కూడా చూసుకోండి. కొడుకు నిలబడి ఉన్నాడు, తండ్రి కూర్చుని ఉన్నాడు. తండ్రి క్లోజప్ తీసేటప్పుడు ఎదురుగా కొడుకు పాత్ర వేసిన కుర్రాణ్ణి నిలబెట్టే ఉంచండి. "నీ షాట్ అయిపోయింది" అని అతన్ని టీకి పంపించేస్తే, తండ్రి గాల్లోకి చూస్తాడు.

గీత ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, నేల కనిపించే షాట్లకి ముందు దాన్ని తుడిచేయండి. మాకొకసారి తెర మీద పడింది.

5. మొత్తం ఒకసారి తీసేయండి

దగ్గరి షాట్ల జోలికి వెళ్లేముందు గది మొత్తం కనిపించేలా సీన్ అంతా ఒకసారి తీసేయండి. దీన్ని మాస్టర్ షాట్ అంటారు. ఇదే మీకు ఇన్సూరెన్స్. ఏ క్లోజప్ పాడైనా దీన్లోకి కట్ అయిపోవచ్చు. పైగా కొడుకు చెప్పులు ఏ చేతిలో పట్టుకున్నాడు, ఎన్నో అడుగు దగ్గర ఆగాడు అన్నది దీన్లో రికార్డయి ఉంటుంది. తర్వాతి షాట్లన్నీ దీనికి సరిపోవాలి.

రికార్డ్ నొక్కాక మనసులో ఐదు లెక్కపెట్టి అప్పుడు యాక్షన్ చెప్పండి. సీన్ అయ్యాక కూడా ఐదు లెక్కపెట్టి అప్పుడు కట్ చెప్పండి. ముందు వెనక ఈ అంగుళం గుడ్డ లేకపోతే ఎడిటింగ్‌లో కుట్టు వేయడానికి చోటుండదు.

గోడ గడియారంలో బ్యాటరీ తీసేసి, ముళ్లు పదిన్నర దగ్గర ఆపండి. నేను మొదటిసారి తీసినప్పుడు ఆ పని చేయలేదు. ఒక షాట్‌లో ఐదుంబావు, తర్వాతి షాట్‌లో ఏడు. అంత కష్టపడి తీసిన సీన్ చూసి మా పెదనాన్న అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "గడియారం బాగు చేయించలేదేంట్రా?"

6. ఎంత దగ్గరగా, ఎంత ఎత్తులో

లాంగ్ షాట్ మనిషి చుట్టూ ఏముందో చెబుతుంది. మిడ్ షాట్ మనిషి ఏం చేస్తున్నాడో చెబుతుంది. క్లోజప్ అతని లోపల ఏం జరుగుతోందో చెబుతుంది. ఇంతకు మించి థియరీ అవసరం లేదు.

క్లోజప్ డబ్బు లాంటిది. మొదటి షాట్ నుంచే ఖర్చుపెడితే, "అన్నం తిన్నావా?" దగ్గరికి వచ్చేసరికి జేబు ఖాళీ. తండ్రి క్లోజప్‌ని రెండు వెర్షన్లలోనూ ఆఖరికి దాచింది అందుకే.

ఎత్తు విషయానికొస్తే, మన మాస్ సినిమాల్లో హీరో ఎంట్రీకి కెమెరా నేల దగ్గర ఎందుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. కింద నుంచి చూస్తే మనిషి పెద్దగా కనిపిస్తాడు, మనం చిన్నవాళ్లమైపోతాం. మొదటి వెర్షన్‌లో తండ్రిని అలాగే, కుర్చీ సీటు ఎత్తు నుంచి తీయండి. అంతకంటే కిందకి దింపితే ముక్కు రంధ్రాలు, సీలింగ్ ఫ్యానూ కనిపించి నవ్వొస్తుంది. కొడుకుని అతని కళ్ల కంటే ఒక జానెడు పైనుంచి తీయండి. జానెడు చాలు. తేడా కనిపించకూడదు, అనిపించాలి. రెండో వెర్షన్‌లో ఇద్దరినీ వాళ్ల వాళ్ల కళ్ల ఎత్తులోనే తీయండి. అక్కడ ఎవరూ ఎవరికీ భయపడట్లేదు.

ఎక్కువమంది చేసే పొరపాటు, క్లోజప్ కోసం ఫోన్‌ని ముఖం దగ్గరికి తీసుకెళ్లడం. ఫోన్ మెయిన్ లెన్స్ వెడల్పుగా చూస్తుంది. అడుగు దూరంలో పెడితే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి. నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ లెన్స్ వాడండి. అది లేని ఫోనైతే కొంచెం దూరం నుంచి తీసి, ఎడిటింగ్‌లో కాస్త క్రాప్ చేసుకోండి.

చూపు ఉన్న వైపు ఫ్రేమ్‌లో ఖాళీ వదలండి. తండ్రి కుడివైపు చూస్తుంటే అతన్ని గ్రిడ్‌లో ఎడమ గీత మీద కూర్చోబెట్టండి. చూపు ముందు గోడలా ఫ్రేమ్ అంచు తగిలితే ఊపిరాడనట్టుంటుంది. అది కావాలని చేస్తే సరే. మొదటి వెర్షన్‌లో కొడుకు క్లోజప్‌కి నేను కావాలనే అలా చేస్తాను.

కెమెరా కదపాలా? ఈ సీన్‌కి అక్కర్లేదు. చేయి దురద పెడితే, రెండో వెర్షన్‌లో తండ్రి మిడ్ షాట్‌కి ఫోన్‌ని దిండు మీద పెట్టి, దిండుని టేబుల్ మీద మెల్లగా ముందుకి లాగండి. పది సెకన్లలో జానెడు కదిలితే చాలు.

7. నటుణ్ణి నటించొద్దని చెప్పండి

మీ బాబాయికి "కోపంగా చూడు" అని చెబితే కళ్లు పెద్దవి చేస్తాడు. "బాధగా చూడు" అంటే పెదవి విరుస్తాడు. రెండూ వద్దు. తలుపు వైపు చూస్తూ మనసులో పదిహేడో ఎక్కం చదవమనండి. మనిషి ముఖం గంభీరంగా, లోపల ఏదో నడుస్తున్నట్టుగా మారిపోతుంది. ఏం నడుస్తోందో చెప్పేది మీ తర్వాతి షాట్.

ఇది నేను కనిపెట్టింది కాదు. వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేని ఒకే షాట్‌ని, మూడు వేర్వేరు షాట్ల పక్కన అతికించి చూపించాడు. ఒకదాని పక్కన సూపు గిన్నె, ఒకదాని పక్కన శవపేటిక, ఇంకోదాని పక్కన మరో షాట్. చూసినవాళ్లు అతను ఆలోచనలో మునగడాన్ని, దుఃఖాన్ని ఎంత బాగా నటించాడో అని మెచ్చుకున్నారని ఆయన దగ్గర పనిచేసిన పుడోవ్‌కిన్ రాశాడు. ముఖం ఒక్కటే, పక్కన పెట్టిందే వేరు.

మీరూ అదే చేయబోతున్నారు. తండ్రి క్లోజప్‌కి ముందు కుర్చీ మీద బిగిసిన వేళ్లు పెడితే ఒక అర్థం, మూత పెట్టిన కంచాలు పెడితే ఇంకో అర్థం. అందుకే వేళ్ల షాట్, కంచాల షాట్ శ్రద్ధగా తీయండి. వీటిని ఇన్సర్ట్‌లు అంటారు. సాయంత్రం అందరూ అలిసిపోయాక "ఏదో ఒకటి తీసేద్దాం" అని తీసేవి ఇవే, సీన్‌ని మోసేవీ ఇవే. కంచాల షాట్‌లో అంచున ఒక మంచినీళ్ల గ్లాసు పెట్టి చూడండి. దాని మీద కూడా మూత ఉండాలి. చీమలు పడతాయని ఎవరో జాగ్రత్త పడ్డట్టు.

డైలాగ్ మాత్రం రెండు వెర్షన్లకీ ఒకే గొంతుతో, మామూలుగా చెప్పించండి.

8. సౌండ్: ఫ్రిజ్‌లో తాళంచెవి

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు. మాట వినపడకపోతే లేచిపోతారు.

ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపగానే మీ బండి తాళంచెవి అందులో పెట్టండి. ప్యాకప్ అయ్యాక ఇంటికి బయల్దేరేటప్పుడు తాళం కోసం తెరుస్తారు, అప్పుడు స్విచ్ వేయడం గుర్తొస్తుంది. ఇది తెలియక ముందు మా ఇంట్లో రెండు లీటర్ల పాలు విరిగిపోయాయి, ఆ తర్వాత ఇంట్లో షూటింగ్‌కి పర్మిషన్ దొరకడానికి నాలుగు నెలలు పట్టింది.

రెండో ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, తండ్రి ఛాతీకి దగ్గర్లో, ఫ్రేమ్‌లో పడకుండా పెట్టండి. చొక్కా జేబులో పెడితే గుడ్డ రాపిడి వినిపిస్తుంది, జాగ్రత్త. ప్రతి టేక్ మొదట్లో కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో రెండు అరచేతులు కలిసిన ఫ్రేమ్‌ని, ఆ "టప్" శబ్దాన్ని కలిపితే సింక్ అయిపోతుంది. క్లాప్ బోర్డు చేసే పని అదే.

చివర్లో అందర్నీ ముప్పై సెకన్లు కదలకుండా నిలబెట్టి ఖాళీ గది శబ్దం రికార్డ్ చేయండి. ప్రతి గదికీ ఒక మౌనం ఉంటుంది. షాట్ల మధ్య అతుకులు కనిపించకుండా దాన్ని కింద పరచాలి. గడియ చప్పుడు, చెప్పులు నేల మీద పెట్టే చప్పుడు విడిగా దగ్గర్నుంచి తీసుకోండి.

వీధి గోల ఎక్కువైతే డబ్బింగ్ చెప్పించండి. నటుణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, తల మీద నుంచి మందపాటి దుప్పటి కప్పి, లోపల ఫోన్ పట్టుకుని చెప్పమనండి. ఉక్కపోస్తుంది గానీ గొంతు గది మోత లేకుండా వస్తుంది.

9. ఎడిటింగ్

ఫోన్లో ఏ యాప్ అలవాటుంటే అది వాడండి. కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ మన అవసరానికి చాలా ఎక్కువే.

షాట్లని కాగితం మీద రాసుకున్న వరసలో పేర్చండి. మొదటి వెర్షన్‌లో ముందు మూడు షాట్లు రెండేసి సెకన్లు. తండ్రి కనిపించిన షాట్ దగ్గర మాత్రం ఐదు సెకన్లు ఆగండి. పరిగెత్తుతున్నవాడు హఠాత్తుగా ఆగితే గుండె ముందుకు దూకినట్టు ఉండాలి. రెండో వెర్షన్‌లో లాంగ్ షాట్‌ని మీకే విసుగొచ్చేదాకా ఉంచి, అక్కడి నుంచి ఒక సెకను తగ్గించండి. ఎదురుచూపంటే ఆ విసుగే.

కట్ ఎక్కడ చేయాలి? మనిషి కదిలినప్పుడు, లేదా చూపు తిప్పినప్పుడు. కొడుకు కళ్లు టేబుల్ వైపు తిరిగిన క్షణంలో కంచాలకి కట్ చేస్తే అతుకు కనపడదు.

రెండో వెర్షన్‌లో ఇంకో పని చేయండి. గడియ చప్పుడుని తలుపు కనిపించకముందే, తండ్రి ముఖం మీద వినిపించండి. తలుపు తెరుచుకోవడం కంటే ఆయన అది విన్న క్షణం ముఖ్యం. ఎడిటర్లు దీన్ని జె-కట్ అంటారు.

చేయకూడనివి: పేజీ తిరిగే ట్రాన్సిషన్లు, స్లో మోషన్, ఫిల్టర్లు. మ్యూజిక్ కూడా మొదట వద్దు. మ్యూజిక్ లేకుండా సీన్ నిలబడకపోతే దానికి కావలసింది మ్యూజిక్ కాదు. 1987లో వచ్చిన పుష్పక విమానంలో మాటలే లేవు, అయినా జనం చూశారు. మీకు రెండు మాటలున్నాయి.

10. పరీక్ష పెట్టండి

మొదట శబ్దం పూర్తిగా ఆపేసి చూడండి. ఎవరు ఎవరి కోసం చూస్తున్నారో అర్థం కావాలి. తర్వాత కళ్లు మూసుకుని వినండి. ఎక్కడైనా గది శబ్దం "టక్" అని మారిందంటే అక్కడ అతుకు కనపడుతోందని లెక్క.

ఆ తర్వాత ఈ కథేమీ తెలియని ఇద్దర్ని పట్టుకోండి. ఒకరికి మొదటి వెర్షన్, ఇంకొకరికి రెండోది. ఒకరికే రెండూ చూపించకండి. "ఎలా ఉంది?" అని మాత్రం అడగకండి, అందరూ బాగుందనే అంటారు. సీన్ అయిపోగానే "ఇప్పుడేం జరుగుతుంది?" అని అడగండి.

మొదటి వెర్షన్ చూసినవాళ్లు "కొడతాడు", "తిడతాడు", "ఇంట్లోంచి పొమ్మంటాడు" లాంటివి చెప్పాలి. రెండోది చూసినవాళ్లు "ఇద్దరూ కూర్చుని తింటారు" అనాలి. మా అత్తయ్య అయితే "తింటారు గానీ, ఆ కూర వేడి చేయమని చెప్పు ముందు" అంది. అంతకంటే మంచి రివ్యూ నాకు ఇంతవరకు రాలేదు. ఇంకొకరు "అమ్మ ఎక్కడ?" అని అడిగారు. అది కూడా న్యాయమైన ప్రశ్నే. కావాలంటే తండ్రి బదులు అమ్మని కూర్చోబెట్టి తీయండి.

ఇద్దరి జవాబూ ఒకటే వచ్చిందనుకోండి, మళ్లీ షూటింగ్‌కి పరిగెత్తకండి. మొదట కంచాల షాట్‌ని ఇంకో రెండు సెకన్లు పెంచి, ఒక షాట్ ముందుకి జరిపి, మూడో మనిషికి చూపించండి. అప్పటికీ మారకపోతే తండ్రి క్లోజప్ తెరిచి చూడండి. బాబాయి ఎక్కం మర్చిపోయి నటించేసి ఉంటాడు. ఆ ఒక్క షాట్ మళ్లీ తీస్తే సరిపోతుంది. కుర్చీ, ల్యాంప్ ఉన్నచోటే ఉంచారు కదా?